విప్పడానికి కట్టిన మెట్లు

రెండు వేల ఇరవై మూడు నవంబరు పదిహేడవ తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నర గంటలకు దోహా పక్కనున్న అల్ రయ్యాన్‌లోని ఒక పాఠశాల సభాభవనం వెనుక తలుపు తీశారు. జుమ్మా నమాజు ముగిసేదాకా మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ప్లైవుడ్ పలకలు, కర్రలు వేసుకొచ్చిన పికప్ బండి అప్పటికే గోడ నీడలో నిలబడి ఉంది. దాని ముందు సీటులోంచి మా అన్నయ్య దిగి, నా చేతిలోని డ్రాయింగ్ వైపు అనుమానంగా చూశాడు.

"ఏం రా ఇంజినీరు సాబ్, మళ్ళ ఏమన్న మార్చినవా?"

మార్చింది నేను కాదు, నృత్యదర్శకురాలు. ఆవిడది గుంటూరు. దోహాలో తెలుగు పిల్లలకు చాలాకాలంగా నాట్యం నేర్పుతున్నారు. మేమందరం టీచర్ గారనే పిలుస్తాం. ఆ సంవత్సరం మా తెలుగువాళ్ళందరం కలిసి ఒక సంగీత నృత్య నాటకం వేయాలనుకున్నాం. పాటలు మావాళ్ళే రాసుకున్నారు, మావాళ్ళే స్వరపరుచుకున్నారు. కొండకోటలో పెరిగిన రాకుమారి పెళ్ళికూతురి అలంకారంతో కోట మెట్లు దిగి వచ్చి, కింద కరువుతో అలమటిస్తున్న ఊరివాళ్ళకు ధాన్యపు గదుల తాళాలు ఇచ్చేయడం అందులోని కథ. అందువల్ల ఆ నాటకానికి ప్రాణం మెట్లే. మనిషి ఎత్తున ఒక వేదిక, దానికి కొంచెం దిగువన మరొకటి, అక్కడి నుంచి రంగస్థలం నేల దాకా వెడల్పాటి మెట్లు. నేను గీసిన డ్రాయింగులో మెట్లకు రెండు వైపులా చేతిపట్టు ఉండేది. ఆ ఉదయమే టీచర్ గారు ఫోన్ చేసి దాన్ని తీసేయమన్నారు.

"కర్రలు అడ్డంగా ఉంటే నా పిల్ల కనపడదు బాబూ. కోటకి చేతిపట్టేంటి? ఆసుపత్రికి ఉంటుంది చేతిపట్టు."

చేతిపట్టు లేకుండా అంత ఎత్తు మెట్లు నాకు నచ్చలేదు. అయితే మెట్లను ఇంకా వెడల్పు చేసి, కింద అడ్డుకర్రలు పెంచి, ఒప్పుకున్నాను.

నేను లుసైల్‌లో ఒక కన్సల్టెన్సీలో స్ట్రక్చరల్ ఇంజినీరును. మా ఇంట్లో కళాశాల గడప తొక్కిన మొదటివాణ్ణి. ఆ గడప దాకా నన్ను నడిపించిన మా అన్నయ్య ఇదే దేశంలో షటరింగ్ కార్పెంటర్. మన దగ్గర సెంట్రింగ్ పని అంటారు. కాంక్రీటు పోయడానికి ముందు చెక్కతో అచ్చు కడతారు. కాంక్రీటు గట్టిపడగానే ఆ చెక్కను ఊడదీసి పక్కన పడేస్తారు. భవనం మిగులుతుంది, అచ్చు మిగలదు. మేమిద్దరం వారానికి ఒకసారి, శుక్రవారం నాడు, కలుసుకునేవాళ్ళం. నేను ఆయన ఉండే కార్మికుల క్యాంప్‌కు వెళ్ళేవాణ్ణి, లేదా ఆయన మా ఫ్లాట్‌కు వచ్చేవాడు. వేదిక కట్టే పని ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను అన్నయ్య పేరు చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. టీ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు.

"ఎన్ని బిల్డింగులు కట్టిన రా నేను," అన్నాడు చివరికి. "ఒక్కదాని ముంగట నిలవడి, ఇగో ఇది నా పని అని సూపెట్టేతందుకు ఉన్నదా? అంత పీకి పారేసిందే. గీ మెట్లన్న జనం సూస్తరు గదా?"

"చూస్తారు. ముందు వరుసలో కూర్చుని నువ్వూ చూడు."

ఆ మాట ఆయనకు ఎంత బాగా పట్టిందో తరువాత తెలిసింది. వదినకు వీడియో కాల్‌లో చెప్పాడట. ఆమె ఊళ్ళో అందరికీ, "దుబాయ్‌ల మా ఆయన పెద్ద స్టేజి కడుతుండు" అని చెప్పిందట. ఆయన ఉన్నది దుబాయ్ కాదని చెప్పడం మేం ఎప్పుడో మానేశాం. నాటకం రోజు వేసుకోవడానికి అన్నయ్య ఒక కొత్త చొక్కా కొనుక్కున్నాడు.

ఆ శుక్రవారం ఆయనతో పాటు క్యాంప్ గదిలోని మరో ఇద్దరు వచ్చారు. అందరూ జగిత్యాల వైపువాళ్ళే. వచ్చిన దగ్గర నుంచి వాళ్ళు నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నారు.

"అన్నా, మరి గీ మెట్లకు స్లాబ్ ఎప్పుడు పోస్తున్నరు?"

"పోసుడు లేదు రా, దుంకుడే," అన్నాడు అన్నయ్య. "నా తమ్ముడు గీసిండు, మనం నిలవెడుతున్నం. నిలవడ్డదా, నా పేరు. వడ్డదా, వాని పేరు."

వాళ్ళు పనిచేస్తుంటే చూడటం నాకు ఇష్టం. కర్రను కొలవడం, కోయడం, నిలబెట్టడం, మట్టం చూడటం అన్నీ ఒకే కదలికలో జరిగిపోతాయి. పొద్దు వాలేసరికి పై వేదిక నిలబడింది. మెట్లు మొదలుపెట్టే ముందు నేను ఒక విషయం గుర్తుచేశాను. మరుసటి సాయంత్రం నాటకం అయిన వెంటనే హాలు ఖాళీ చేయాలి. అందువల్ల అన్నీ తొందరగా ఊడేలా ఉండాలి.

అన్నయ్య నవ్వాడు. "ఊడదీసుడు మాకు నేర్పుతున్నవా? మాది పుట్టుకతోనే ఊడేటి పని."

ఆ మాటలో అతిశయోక్తి లేదు. షటరింగ్ పనిలో మేకు తలను చెక్కలోకి పూర్తిగా దిగగొట్టరు. సుత్తి వెనుక పంజా దూరేంత సందు వదిలేస్తారు, మరునాడో మూడునాళ్ళకో దాన్ని పీకాలి కనుక. మేకుల్ని మా వైపు మొలలంటారు. మొల తల పైకి కనిపిస్తే అది మంచి పనివాడి పని. దిగిపోయి ఉంటే, పీకేవాడు కట్టినవాణ్ణి తిడతాడు. అన్నయ్య చెయ్యి ఆ పద్ధతిలోనే ముదిరింది. మెట్టు మెట్టుకూ లోపలి మూలలో, నిలువు పలకా అడుగు పలకా కలిసే చోట, ఒక పట్టీ వేసి మేకులు కొట్టాడు. తలలు పైకే ఉన్నాయి. వాటి మీద, కింద రబ్బరు పొర ఉన్న మందపాటి ఎర్ర కార్పెట్ పరిచాం. మేకులు కనిపించలేదు, తగలలేదు. నేను ముగ్గురినీ ఒకేసారి వేదిక మీద ఎగరమన్నాను. మెట్లు ఎక్కాను, దిగాను, పక్కకు ఊపి చూశాను. హాలు నిబంధన ప్రకారం మా అందరి కాళ్ళకూ ఇనుప ముక్కు బూట్లు ఉన్నాయి. మెట్లు అంగుళం కూడా కదలలేదు.

ఆ సాయంత్రం నాయిక పాత్ర వేసే అమ్మాయి వచ్చి మెట్లు దిగి చూసుకుంది. ఆమెది కాకినాడ, ఇక్కడ ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్టు. పని నుంచి నేరుగా వచ్చింది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. చెప్పులు విడిచి, వేదికను తాకి కళ్ళకద్దుకుని, పై నుంచి ఒక్కొక్క మెట్టు మీద మడమతో తడుతూ దిగింది. కింద నిలబడి మూతి ముడుచుకుంది.

"అడుగు పలకట్లేదండీ టీచర్ గారూ. పరుపు మీద తన్నినట్టుంది."

"రేపు చూద్దాంలేవే," అన్నారు టీచర్ గారు.

శనివారం అన్నయ్యకు డ్యూటీ. ఫోర్‌మన్‌ను బతిమాలుకుని సాయంత్రానికి మాత్రమే సెలవు తీసుకున్నాడు. నేను మధ్యాహ్నమంతా దీపాలు కట్టేవాళ్ళతో సభాభవనం వెనుక ఉన్నాను. తిరిగి వచ్చేసరికి మెట్ల మీద ఎర్ర కార్పెట్ లేదు. దాని బదులు పై నుంచి కిందికి తెల్లని నూలుగుడ్డ పరిచి ఉంది.

"పావడ బాబూ!" అన్నారు టీచర్ గారు సంబరంగా. "మన పెళ్ళిళ్ళలో చాకలి వచ్చి పెళ్ళికూతురి నడకకి తెల్లబట్ట పరిచేవాడు కాదూ? అదీ ఇది. ఇప్పుడు చూడు, అడుగు పలుకుతుంది, అందంగానూ ఉంది. ఒకే దెబ్బకి రెండూ కుదిరాయి."

నిజంగానే అందంగా ఉంది. గుడ్డ మెట్టు అంచుల మీద బిగువుగా, లోపలి మూలల్లో చిన్న చిన్న కుచ్చులుగా నిలబడింది. ఆ కుచ్చుల కింద ఏముందో పరిచిన అమ్మాయిలకు తెలియదు. నాకు తెలుసు, కానీ ఆ క్షణంలో గుర్తురాలేదు. నా మనసంతా వేదిక ఊగుతుందేమో, బరువు ఆగుతుందేమో అన్న లెక్కలోనే ఉంది. అన్నయ్య వచ్చేసరికి తెర వేసేశారు. కొత్త చొక్కాలో, తల దువ్వుకుని, ముందు వరుసలో చివరి కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. తెర సందులోంచి నేను చెయ్యి ఊపాను. చూశాడు కానీ, పక్కన కుటుంబాలతో కూర్చున్న ఉద్యోగస్థులు ఏమనుకుంటారోనని కాబోలు, తిరిగి ఊపలేదు.

తెర లేచింది. పై వేదిక మీద దీపం వెలిగింది. ఆకుపచ్చ పట్టుచీరలో, కాళ్ళకు నిండుగా పారాణితో రాకుమారి నిలబడి ఉంది. హాలు మొత్తం ఒక్కసారి ఊపిరి పీల్చింది. నేను ఎడమ వైపు తెర చాటున నిలబడి అన్నయ్యను చూశాను. ఆయన కళ్ళు ఆమె మీద లేవు, మెట్ల మీద ఉన్నాయి. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. ఒక క్షణం ఉందది. తరువాత ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తెల్లగుడ్డను అప్పుడే చూస్తున్నాడు.

మృదంగం మొదలైంది. ఆమె దిగడం ప్రారంభించింది. అడుగు వేసి, మడమతో తట్టి, నిలిచి, నవ్వి, మరో అడుగు. ఈసారి మెట్లు పలికాయి. ఆమె వెనుక కొంచెం ఎడంగా చెలికత్తెలు మునివేళ్ళ మీద దిగుతున్నారు. రెండో మెట్టు దగ్గర ఆమె వెనుక తెల్లగుడ్డ మీద ఒక ఎర్రని గుర్తు కనిపించింది. పారాణి ఇంకా ఆరలేదనుకున్నాను. మూడో మెట్టు మీద మరొకటి. ప్రేక్షకుల్లో చప్పట్లు లేచాయి. మొదటి వరుసలోని ఒక పెద్దావిడ పక్కావిడతో, "లక్ష్మీదేవి నడిచొచ్చినట్టుందమ్మా!" అనడం నాకు స్పష్టంగా వినిపించింది. నేనూ ఆ అందానికే ఆశ్చర్యపోతూ చూస్తున్నాను.

కానీ రంగు అద్దిన పాదం ఒక్కొక్క అడుగుకూ వెలిసిపోవాలి. మొదటి గుర్తు ముదురుగా, తరువాతిది తేలికగా, ఆ తరువాతిది ఇంకా తేలికగా ఉండాలి. ఇక్కడ తిరగబడింది. కిందికి వచ్చే కొద్దీ గుర్తులు పెద్దవవుతున్నాయి, ముదురుతున్నాయి. చివరి మెట్టు మీద అది పాదం ఆకారంలో కూడా లేదు. అది రంగు కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆగమని చేత్తో సైగ చేశాను. ఆమె నా వైపు చూడలేదు. ఆమె నవ్వుతూనే ఉంది. చప్పట్లు పెరుగుతూనే ఉన్నాయి.

ముందు వరుసలో చివరి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆమె కింద మిగిలిన చరణం పూర్తిచేసి, తాళాలు అందించే అభినయం చేసి, తెర పడ్డాక ఎవరో లాగేసినట్టు నా పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. కుడి మడమ చీరుకుపోయింది. మేకు తల మొద్దుది. అది గుచ్చుకోదు, చీరుతుంది. ఎక్కేటప్పుడు పాదం మెట్టు అంచు మీద పడుతుంది కనుక ఏమీ తగలదు. దిగేటప్పుడు మడమ సరిగ్గా లోపలి మూలలోకి పోతుంది. ఆమె దిగడమే కాదు, తాళానికి మడమతో కొట్టింది.

"ఆగిపోవచ్చు కదమ్మా!" అన్నాను.

"ఎలా ఆగుతానండీ? వెనకాల వీళ్ళంతా దిగుతున్నారు. నేనాగితే ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు. పట్టుకోడానికి అక్కడేవుంది?" పళ్ళు బిగించి, టీచర్ గారిని చూసి నవ్వబోయింది. "అడుగు మాత్రం బాగా పలికిందండీ."

టీచర్ గారు ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని తన చీర కొంగుతో అదిమిపట్టారు. ఏది పారాణో ఏది నెత్తురో ఆవిడకు తెలియడం లేదు. తుడిచిన కొద్దీ రెండూ కలిసి వస్తున్నాయి.

అప్పుడే పక్క తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు. ఎక్కడ దొరికిందో, చేతిలో సుత్తి ఉంది. ఆ అమ్మాయి పాదాన్ని ఒక్కసారి చూశాడు. ముఖం నల్లగా అయిపోయింది.

"తర్వాత ఎవలు దిగుతరు?" అని అడిగాడు.

తరువాతి రంగంలో ఊరి పిల్లలు ధాన్యపు బస్తాలు మోసుకుంటూ కోట నుంచి ఉరికి రావాలి. చిన్న తరగతుల పిల్లలు, అందరూ ఉత్త కాళ్ళతో, అవతలి తెర పక్కన వరుసగా నిలబడి ఉన్నారు.

"మేస్త్రీ గారూ, తెర ముందు వ్యాఖ్యానం నడుస్తోందండీ," అన్నారు టీచర్ గారు బెదురుగా. "ఇప్పుడు సుత్తి దెబ్బలు వినిపిస్తే..."

"విననియ్యుండ్రి అమ్మా. పిల్లలు దిగాల్నా, వద్దా?"

బూట్లు విప్పాడు. మేజోళ్ళు లాగిపారేశాడు. తెల్లగుడ్డను ఒక చేత్తో పైకి లాగి పడేసి, పై మెట్టు మీద నిలబడి, ఉత్త మడమను మూలలో ఆనించి మెల్లగా జరిపాడు. సుత్తి నా చేతికిచ్చాడు.

"ఈడ. కొట్టు."

కొట్టాను.

"ఇంక దిగాలె. కొట్టు. ఆఁ. ఇగ ఈడ."

అలా ఆయన మడమతో వెతుకుతూ, నేను కొడుతూ, పై నుంచి కిందికి వచ్చాం. తెర అవతల వ్యాఖ్యాత గొంతు ఒకసారి ఆగి, మళ్ళీ పెద్దదై సాగింది. జీవితమంతా తల పైకి వదిలిన మేకులు కొట్టిన మనిషి ఒక్కొక్కదాన్నీ చెక్కలోకి పూర్తిగా దించమని చెబుతున్నాడు. చివరి మెట్టు మీద ఆయన పాదం తడిలో జారింది. కిందికి చూశాడు. భుజం మీది కొత్త చొక్కా చెమటకు అంటుకుపోయి ఉంది. తరువాత మళ్ళీ పైకెక్కి, సుత్తి లేకుండా, ఒంటరిగా, ఉత్త కాళ్ళతో మొత్తం మెట్లు ఒకసారి దిగాడు. "ఇగ రమ్మను పిల్లలను," అన్నాడు.

పిల్లలు ఉరుకుతూ దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. కట్టు కట్టించుకున్న పాదంతో ఆ అమ్మాయి చివరి పాటలో కూర్చునే అభినయించింది. మేం ఆసుపత్రికి వెళదామంటే వినలేదు.

నాటకం ముగిశాక నాకు మరో దెబ్బ తగిలింది. ఆమెను తీసుకువెళ్ళడానికి కారు తాళాల కోసం వెతుకుతుండగా, సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి తెర వెనుకకు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"అద్భుతమండీ! ఆ తెల్లగుడ్డ మీద ఎర్రని పాదముద్రలు... ఒళ్ళు గగుర్పొడిచింది. ఎవరిదండీ ఆ ఆలోచన?"

నా వెనుక బూట్లు చేత్తో పట్టుకుని నిలబడిన అన్నయ్య జవాబు చెప్పాడు.

"నాదే సార్."

ఆయన గొంతులో వ్యంగ్యం లేదు, ఏడుపు లేదు. తన పేరేమిటని ఎవరో అడిగితే చెప్పినట్టు చెప్పాడు. ఆ పెద్దమనిషి ఆయన భుజం తట్టి, "గొప్ప కళాకారులండీ మీరు," అని వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు చూసిన వాటిలో, విన్న వాటిలో, ఇప్పటికీ నన్ను నిలువునా ఆపేసేది అన్నయ్య అన్న ఆ రెండు మాటలే.

ఆసుపత్రిలో మడమకు కుట్లు వేశారు. అన్నయ్య కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోలేదు. ఆ అమ్మాయి చక్రాల కుర్చీలో బయటికి వచ్చి ఆయన్ను చూసింది.

"మేస్త్రీ గారూ, మీరు అలా మొహం పెట్టకండి, నాకు భయమేస్తోంది. మెట్లు మాత్రం ఒక్కటి కూడా కదల్లేదండీ."

"బిడ్డా," అన్నాడు అన్నయ్య. తరువాత కుర్చీ వెనుక పిడిని పట్టుకుని కారు దాకా తోసుకుంటూ వచ్చాడు.

మేం ఆసుపత్రిలో ఉన్నంతసేపూ హాలులో, విప్పడానికి వచ్చిన అన్నయ్య గదివాళ్ళిద్దరూ వేదికలు ఊడదీస్తున్నారు. అవి సులువుగానే ఊడాయి. మెట్లు ఊడలేదు. దిగిపోయిన మేకుల్లోకి సుత్తి పంజా దూరలేదు. వాళ్ళు ఫోన్ చేసి, "అన్నా, ఇగ పలగ్గొట్టుడే" అన్నారు. అన్నయ్య వద్దన్నాడు. మెట్లను మెట్లుగానే, అందరూ కలిసి ఎత్తి పికప్‌లో వేశారు. ముఐథర్‌లో టీచర్ గారి ఇంటి వెనుక రేకుల షెడ్డులో దించారు.

ఆ అమ్మాయి కొన్ని వారాలు కుంటుతూ నడిచి, తరువాత మళ్ళీ ఆడింది. ఆ మెట్లు ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉన్నాయి. మా ప్రతి కార్యక్రమానికీ వాటినే తెచ్చుకుంటున్నాం. వాటికి ఇప్పుడు చేతిపట్టు ఉంది. వేదిక తయారయ్యాక నేనూ అన్నయ్యా బూట్లు విప్పి, పై నుంచి కిందికి దిగి చూస్తాం. ఆ తరువాతే ఎవరినైనా ఎక్కనిస్తాం. ముందు వరుసలో కుర్చీ ఉంచినా అన్నయ్య అక్కడ కూర్చోడు. తెర పక్కన నిలబడి చూస్తాడు.